ఆల్ఫా దశలో ఆట: కొన్నదేమిటి? ఆశించిందేమిటి?

ఒక సైకిలు దుకాణానికి వెళ్లారనుకోండి. దుకాణదారు మీకు ఒకే చక్రం ఉన్న సైకిలు చూపించి, "ఇప్పుడు డబ్బు కట్టి తీసుకువెళ్లండి, రెండో చక్రం వచ్చే ఏడు ఇస్తాం" అంటే కొంటారా? నవ్వి బయటికి వచ్చేస్తారు. కాని వీడియో ఆటల ప్రపంచంలో ఇటువంటి అమ్మకం ప్రతిరోజూ జరుగుతూనే ఉంది. ఆట ఇంకా తయారవుతూ ఉండగానే దానిని అమ్మకానికి పెడతారు. కొనేవారు ఆ సంగతి తెలిసే కొంటారు. కొన్నవారిలో కొందరు ఆ ఆటను ఏళ్ల తరబడి ప్రేమగా ఆడుకుంటారు. మరికొందరు కొన్న మర్నాడే మోసపోయామని మండిపడతారు.

ఒకే పద్ధతిలో అమ్మిన ఆటల విషయంలో ఇంత తేడా ఎందుకు వస్తుంది? దీనికి జవాబు కొంత కంప్యూటర్ లోపల ఉంది, కొంత మనిషి మనసులో ఉంది. రెండు చోట్లా వెతికి చూద్దాం.

ఆల్ఫా, బీటా అంటే ఏమిటి?

ఆల్ఫా, బీటా అనేవి గ్రీకు అక్షరమాలలో మొదటి రెండు అక్షరాలు. మనకు అ, ఆ ఎలాగో వారికి అవి అలాగ. కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసేవారు ఈ అక్షరాలను తయారీ దశలకు పేర్లుగా పెట్టుకున్నారు.

ఆల్ఫా దశలో ఆట కదులుతుంది, కాని అందులో ఉండవలసిన భాగాలు చాలా వరకు ఇంకా ఉండవు. ఉన్నవి కూడా రేపు మారిపోవచ్చు. గోడలు లేచి, పైకప్పు పడని ఇల్లు వంటిది అది. బీటా దశకు వచ్చేసరికి ముఖ్యమైన భాగాలు చాలా వరకు అమరుతాయి. ఇక మిగిలేది తప్పులు ఏరివేయడం, నునుపు చేయడం. అంటే తలుపులు బిగించి, సున్నం వేయడం అన్నమాట. ఆ పని కూడా ముగిశాక 1.0 అనే సంఖ్యతో పూర్తి రూపం విడుదల చేస్తారు.

అంతకు ముందు వచ్చే రూపాలకు 0.7, 0.12, 0.17 వంటి సంఖ్యలు ఉంటాయి. ఇవి మీరు లెక్కల తరగతిలో నేర్చుకున్న దశాంశాలు కావు సుమా! దశాంశాల లెక్కలో 0.7 కంటె 0.12 చిన్నది. ఇక్కడ మాత్రం ఏడో రూపం తరువాత పన్నెండో రూపం వస్తుంది.

పూర్వం ఆల్ఫా రూపాన్ని తయారుచేసిన సంస్థలోని వారు మాత్రమే పరీక్షించి చూసేవారు. బయటివారికి అది కనబడేది కాదు. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఈ కట్టుబాటు సడలింది. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో 'మైన్‌క్రాఫ్ట్' అనే ఆట తొలి రూపాన్ని జనానికి చూపించాడు. జూన్ నుంచే అమ్మడం ప్రారంభించాడు. 2010లో అది ఆల్ఫా దశలో ఉంది, ఆ ఏడాది డిసెంబరులో బీటా దశకు చేరింది. పూర్తి రూపం 2011 నవంబరు 18న వచ్చింది. కాని 2011 జనవరికే పది లక్షల మంది దానిని కొనేశారు! అంటే పూర్తి కావడానికి పది నెలల ముందే.

ఈ పద్ధతి బాగున్నదని తోచి, వాల్వ్ అనే అమెరికా సంస్థ తన 'స్టీమ్' దుకాణంలో దీనికోసం ప్రత్యేక విభాగం తెరిచింది. 2013 మార్చి 20న 12 ఆటలతో మొదలైన ఆ విభాగం పేరు 'ఎర్లీ యాక్సెస్'. ముందుగానే లోపలికి రానివ్వడం అని దాని అర్థం.

దీనివలన ఉభయులకూ లాభమే. చిన్న సంస్థకు పని సాగించడానికి డబ్బు దొరుకుతుంది. వేలాది రకాల కంప్యూటర్ల మీద ఆటను పరీక్షించేవారు దొరుకుతారు. కొన్నవారికేమో ఒక వస్తువు తమ కళ్ల ముందు పెరుగుతుంటే చూసే సంతోషం, అందులో తమ మాట చెల్లుతుందన్న తృప్తి దొరుకుతాయి.

మెక్సికోలో పుట్టిన రాకెట్ ఆట

ఇప్పుడు మనకు పనికివచ్చే ఒక ఆటను తీసుకుందాం. దాని పేరు 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్'. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థ దీనిని విడుదల చేసింది. ఆట రూపకర్త ఫెలిపే ఫలాంగే. ఇందులో మీరే రాకెట్ భాగాలను కూర్చి, 'కెర్బిన్' అనే చిన్న గ్రహం మీది నుంచి ఎగరవేయాలి. న్యూటన్ చలన సూత్రాలు, గురుత్వాకర్షణ, కక్ష్య, ఇంధనం బరువు అన్నీ లెక్కలోకి వస్తాయి. రాకెట్టును నేరుగా పైకి పంపితే అది తిరిగి కిందికే పడుతుందని, కక్ష్యలో నిలవాలంటే పక్కకు గొప్ప వేగం కావాలని ఈ ఆట ఆడుతూనే చాలామంది విద్యార్థులు తెలుసుకున్నారు.

2011 జూన్ 24న దీని తొలి రూపం, 0.7.3, బయటికి వచ్చింది. అందులో ఏమున్నదో తెలుసా? దాదాపు ఏమీ లేదు! కెర్బిన్ తన చుట్టూ తాను తిరిగేది కాదు. సూర్యుడు ఒక దీపపు వెలుతురు మాత్రమే, ఆకాశంలో గోళం కాదు. చందమామ లేదు. ఇంకే గ్రహమూ లేదు. అయినా ఆడినవారు సంతోషించారు. ఎందుకంటే దానిని ఉచితంగా ఇచ్చారు, ఇంకా మొదలులోనే ఉన్నదని చూడగానే తెలిసిపోయేది.

తరువాత ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి. 'మున్' అనే చందమామ వచ్చింది. 2012లో ఇతర గ్రహాలు వచ్చాయి. అంతరిక్షంలో రెండు వాహనాలను కలిపే వీలు వచ్చింది. ఆటను అమ్మడం మొదలుపెట్టాక, అది పెరిగేకొద్దీ ధరను కూడా పెంచుతూ పోయారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సహకారంతో గ్రహశకలాల భాగం 2014లో చేరింది. చివరకు 2015 ఏప్రిల్ 27న 1.0 రూపం, దాదాపు 40 డాలర్ల ధరతో, విడుదలైంది. ఆల్ఫా నుంచి పూర్తి రూపానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

అంతకాలం ఎందుకు పడుతుంది?

ఒక భాగం చేర్చితే ఒక భాగం పని మాత్రమే పెరుగుతుందని మనకు తోస్తుంది. కాని అలా కాదు. కొత్త భాగం పాతవాటన్నిటితోనూ సర్దుకుపోవాలి. ఆటలో 5 భాగాలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క జతను పరీక్షించాలంటే 10 జతలు. భాగాలు 20 అయితే జతలు ఎన్ని? 20ని 19తో గుణించి సగం చేయండి: 190. భాగాలు నాలుగు రెట్లు పెరిగితే పరీక్షలు 19 రెట్లు పెరిగాయన్నమాట. మూడేసి భాగాలు కలిసినప్పుడు వచ్చే చిక్కులు వేరే! ఆట సగం తయారైనట్టు కనబడినప్పుడు పని సగం అయినట్టు కాదు. ఆశలు తప్పుదారి పట్టేది మొదట ఇక్కడే.

కొన్ని తప్పులు మరీ లోతుగా ఉంటాయి. ఈ రాకెట్ ఆటలోనే వచ్చిన ఒక వింత చూడండి. వాహనం చాలా దూరం, చాలా వేగంగా పోయినప్పుడు ఏ కారణమూ లేకుండా గజగజ వణికి ముక్కలైపోయేది. ఆటగాళ్లు దీనికి సముద్ర కథల్లోని రాక్షసి పేరు పెట్టి 'క్రాకెన్' అన్నారు. అంతరిక్షంలో రాక్షసి ఎక్కడి నుంచి వచ్చింది? సంఖ్యలలో నుంచి వచ్చింది!

కంప్యూటర్ ఆటలలో సాధారణంగా ఒక సంఖ్యకు 32 బిట్ల చోటు ఇస్తారు. అందులో అంకెలకు దక్కేది మన పద్ధతిలో సుమారు 7 స్థానాలు మాత్రమే. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, అంటే 6,00,000 మీటర్లు. గ్రహ కేంద్రం నుంచి కొలిస్తే, అంత దూరాన ఈ సంఖ్యలు చూపగల అతి చిన్న తేడా దాదాపు 6 సెంటీమీటర్లు. మున్ 12,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వెళ్లేసరికి ఆ తేడా ఏకంగా ఒక మీటరు అవుతుంది. కొలబద్ద మీద అంగుళాల గీతలన్నీ చెరిగిపోయి గజాల గీతలు మాత్రమే మిగిలితే దర్జీ చొక్కా కుట్టగలడా? కంప్యూటర్ పని అంతే అయింది. రాకెట్లోని ఒక భాగాన్ని ఒక గీతకు, పక్క భాగాన్ని ఇంకొక గీతకు జరపవలసి వచ్చేది. మధ్యలోని అతుకు సాగిపోయిందని లెక్క తేలేది. సాగినదానిని లాగడానికి బలం, మళ్లీ జరగడం, మళ్లీ లాగడం! ఆ కుదుపుకు వాహనం విరిగిపోయేది.

దీనికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం చక్కనిది. రైలులో కూర్చున్నవారికి తాము కదలకుండా ఉన్నట్టు, చెట్లే వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది కదా! అలాగే వాహనాన్ని కేంద్రం దగ్గరే ఉంచి, విశ్వాన్నంతా దాని చుట్టూ జరిపారు. వాహనం దగ్గర సంఖ్యలు ఎప్పుడూ చిన్నవే గనుక గీతలు మళ్లీ దగ్గరదగ్గరగా వచ్చాయి. 2012 సెప్టెంబరులో వచ్చిన 0.17 రూపంతో క్రాకెన్ బాధ చాలా వరకు తగ్గింది. వేలమంది ఆడి, ఎక్కడెక్కడ విరిగిందో చెప్పడం ఇటువంటి చోటనే ఉపయోగపడుతుంది. ఆల్ఫా రూపం కొన్నవారు చేయగల నిజమైన సహాయం అది.

మనసు వేసే లెక్క

ఇక మనసు సంగతి చూద్దాం. 1980లో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ వస్తువులు కొన్నవారి తృప్తి గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. వస్తువు ఎంత బాగున్నది అనేదాని మీదనే మన తృప్తి ఆధారపడదు. మనం ముందుగా ఎంత ఆశించాము, చేతికి ఎంత వచ్చింది, ఈ రెండింటి మధ్య తేడా ఎంత అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పరీక్షలో 50 మార్కులు వస్తాయనుకున్నవాడికి 60 వస్తే గంతులేస్తాడు. 90 అనుకున్నవాడికి 75 వస్తే ముఖం వేలాడేస్తాడు. మార్కులు ఎవరికి ఎక్కువ వచ్చాయి?

ఆల్ఫా దశలోని ఆటకు ఇది మరీ వర్తిస్తుంది. పూర్తయిన ఆటను కొన్నవాడు దానిలో ఉన్నదానిని మాత్రమే చూస్తాడు. పూర్తికాని ఆటను కొన్నవాడు మిగిలిన ఖాళీలను తన ఊహతో నింపుకుంటాడు. పదివేల మంది కొంటే పదివేల ఊహలు. తయారీదారు చివరకు చేయగలిగేది ఒక్క ఆటనే.

మాటలు కూడా చిక్కు తెచ్చిపెడతాయి. 2013 ఏప్రిల్‌లో ఇదే రాకెట్ ఆట విషయంలో ఒక తగాదా వచ్చింది. ముందుగా కొన్నవారికి రాబోయే మార్పులన్నీ ఉచితమని చెప్పి ఉన్నారు. ఆ తరువాత సంస్థవారు ఒకరు, ఎప్పుడైనా విస్తరణ భాగాలు తయారుచేసి విడిగా అమ్మవచ్చునని అన్నారు. మార్పులంటే ఉన్న ఆటకు చేసే మరమ్మతులు, చేర్పులు అని సంస్థ ఉద్దేశం. ఇకముందు ఏది వచ్చినా మార్పే కదా అని కొన్నవారి ఉద్దేశం. ఒక్క మాటకు రెండు అర్థాలు! పెద్ద అలజడి రేగింది. చివరకు సంస్థ ఆటగాళ్ల అర్థానికే తలవంచింది. 2013 ఏప్రిల్ నెలాఖరు లోపల కొన్నవారికి ఇకపై వచ్చే విస్తరణ భాగాలు కూడా ఉచితమని ప్రకటించింది. తొలి విస్తరణ భాగం 2018 మార్చిలో వచ్చింది. దాదాపు అయిదేళ్ల తరువాత కూడా ఆ మాట నిలబెట్టుకుని, ఆ పాతవారికి ఉచితంగానే ఇచ్చారు. ఆ ఆటకు మంచి పేరు మిగలడానికి ఇదీ ఒక కారణమే.

ఇటువంటి తగాదాలు, మధ్యలో ఆపివేసిన ఆటలు చూసిన తరువాత వాల్వ్ సంస్థ 2014లో తయారీదారులకు నియమాలను గట్టిచేసింది. భవిష్యత్తు గురించి కచ్చితమైన వాగ్దానాలు చేయవద్దని, అమ్మకాల డబ్బు మీదనే ఆధారపడి ఆటను పూర్తిచేయగలమని అనుకుంటే ఈ విభాగంలోకి రావద్దని హెచ్చరించింది. కొనేవారికి కూడా, ఇప్పుడున్న రూపంలో ఆడాలని లేకపోతే ఆగి చూడమని చెబుతుంది.

పేరు అదే, ఫలితం వేరు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఆ రాకెట్ ఆటకు రెండో భాగం వస్తుందని 2019లో ప్రకటించారు. ఈసారి తయారీదారులు వేరు, వెనుక ఉన్నది పెద్ద సంస్థ. 2020లో వస్తుందన్న ఆట వాయిదాల మీద వాయిదాలు పడి, 2023 ఫిబ్రవరి 24న ఎర్లీ యాక్సెస్ రూపంలో వచ్చింది. ధర దాదాపు 50 డాలర్లు. పూర్తయిన మొదటి ఆట ధర కంటె ఎక్కువ!

అందులో ఏమి లేదు? విజ్ఞాన ప్రయోగాల భాగం లేదు. వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు వాహనం వేడెక్కడం లేదు. ఇవన్నీ మొదటి ఆటలో ఉన్నాయి. శక్తిమంతమైన కంప్యూటర్ల మీద కూడా ఆట ఈడ్చుకుంటూ నడిచింది. కాని ఇతర గ్రహాల మీద స్థావరాలు, వేరే నక్షత్రాలకు ప్రయాణం, పలువురు కలిసి ఆడడం మునుముందు వస్తాయని చూపే పట్టిక మాత్రం ఉంది. కొన్నవారు చేతిలోని ఆటను ఆ పట్టికతో పోల్చారు, మొదటి ఆటతో పోల్చారు. రెండు పోలికలలోనూ అది ఓడిపోయింది.

విజ్ఞాన భాగం 2023 డిసెంబరులో వచ్చింది, ఆట కొంత మెరుగుపడింది. కాని అప్పటికే చాలామంది దూరమయ్యారు. 2024లో ఆ తయారీ సంస్థ మూతపడింది. స్థావరాలు, నక్షత్ర యాత్రలు, కలిసి ఆడడం అప్పటికి పట్టికలోనే ఉండిపోయాయి. కొన్నవారు డబ్బు పోగొట్టుకున్నారు, పనిచేసినవారు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

2011 నాటి తొలి రూపంలో చందమామ కూడా లేదు. 2023 నాటి రూపంలో ఎన్నో గ్రహాలున్నాయి. చేతికి వచ్చిన వస్తువునే చూస్తే రెండోదే పెద్దది. అయినా మొదటిది ముచ్చటగొలిపింది, రెండోది నిరాశపరిచింది. ఆలివర్ చెప్పిన తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

అయితే తక్కువ ధర పెట్టడమొక్కటే మందు అనుకోకండి. బెల్జియం దేశపు లారియన్ సంస్థ, పెద్దల కోసం చేసిన 'బాల్డర్స్ గేట్ 3' అనే ఆటను 2020 అక్టోబరులో పూర్తి ధరకే ఎర్లీ యాక్సెస్‌లో అమ్మింది. కాని ఇందులో కథలోని మొదటి అంకం మాత్రమే ఉంటుందని, తప్పులు ఉంటాయని, మిగిలినది తరువాతనే అని ముందే చెప్పింది. ఉన్న ఆ ఒక్క అంకం చాలా గంటల పాటు ఆడుకోవడానికి సరిపోయింది. 2023 ఆగస్టులో పూర్తి ఆట వచ్చింది, మంచి ఆదరణ పొందింది. చెప్పినదానికి, చేతిలో పెట్టినదానికి పొంతన ఉండడమే ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

'ఆల్ఫా' అనే మాటను డాలుగా అడ్డం పెట్టుకుని ఏది పడితే అది అమ్మే హక్కు తయారీదారుకు లేదు. అలాగే 'ఆల్ఫా' అని రాసి ఉన్నదానిని చదివి కూడా, రేపు రావలసినది నేడే కావాలని పోరుపెట్టే హక్కు కొన్నవారికీ లేదు.

మీరేం చేయాలి?

పూర్తికాని ఆట ఏదైనా కొనాలని మీకు అనిపిస్తే, ముందు ఇంట్లో పెద్దలతో చెప్పి, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి: రేపటి నుంచి ఇందులో ఒక్క మార్పు కూడా రాకపోతే, ఇప్పుడున్న రూపానికే ఈ ధర ఇవ్వవచ్చునా? రెండు: తయారీదారులు గత ఏడాదిలో ఎన్నిసార్లు మార్పులు తెచ్చారు? వారి మాటల కంటె ఆ తేదీలే ఎక్కువ చెబుతాయి. మూడు: నేను కొంటున్నది ఇందులో ఉన్నదానిని చూసా, లేక బొమ్మల్లో చూపించినదానిని చూసా? మొదటి ప్రశ్నకు 'ఇవ్వకూడదు' అని జవాబు వస్తే ఆగండి. ఆట ఎక్కడికీ పోదు. పూర్తయ్యాక కొనుక్కోవచ్చు.

కొన్న తరువాత తప్పు కనబడితే, "మీ ఆట ఏమీ బాగాలేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రయోగశాల పుస్తకంలో రాసినట్టు రాయండి: నేను ఏం చేశాను, ఏం జరగాలనుకున్నాను, ఏం జరిగింది. దానితోపాటు మీ దగ్గర ఉన్న ఆట రూపం సంఖ్య, మీ కంప్యూటర్ వివరాలు ఇవ్వండి. ఈ మూడు వాక్యాలు సరిగా ఉంటే, దూరదేశంలో ఉన్న తయారీదారు తన బల్ల దగ్గర అదే తప్పును మళ్లీ పుట్టించి చూడగలడు. మళ్లీ పుట్టించగలిగిన తప్పును దిద్దడం సులభం.

ఆ మూడింటిలో రెండో వాక్యాన్ని, అంటే 'ఏం జరగాలనుకున్నాను' అన్నదానిని, రాసేటప్పుడు కాస్త ఆగి ఆలోచించండి. అలా జరుగుతుందని మీకు ఎవరు చెప్పారు? ఆటే చెప్పిందా, తయారీదారు చెప్పాడా, లేక మీరే ఊహించుకున్నారా? తయారీదారు చెప్పి ఉంటే నిలదీసి అడగండి, అది మీ హక్కు. మీ ఊహే అయితే దానిని సలహాగా రాసి పంపండి. మంచి ఊహ అయితే రేపటి రూపంలో అది చేరినా చేరవచ్చు!